తార్నాక చెట్ల నీడ ఏ చట్టం కిందికి వస్తుంది?

2025 ఏప్రిల్ మొదటి వారంలో హైదరాబాద్‌లో ఎక్కడ విన్నా కంచ గచ్చిబౌలి మాటే. సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న 400 ఎకరాల్లో యంత్రాలు చెట్లు కూలుస్తుంటే, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే జోక్యం చేసుకుని పనులు ఆపించింది. సరిగ్గా ఆ రోజుల్లోనే నగరానికి ఇటు చివర, తార్నాకలో మా వీధి మలుపు దగ్గర, ఓ పాత ఇంటి ముందున్న వేపచెట్టును ముగ్గురు కూలీలు కొడుతున్నారు. ఆ చెట్టు కింద ఏళ్ల తరబడి ఇస్త్రీ బండి ఉండేది. బండిని ఆ ఉదయమే ఎదుటి గోడ వైపు జరిపించారు.

చుట్టూ చేరిన వాళ్లలో తలా ఒక మాట. "ఇది పాత ఏరియా, హెరిటేజ్ కిందికి వస్తుంది, ఇక్కడ కొట్టకూడదు" అన్నారు ఓ రిటైర్డ్ లెక్చరర్‌గారు. "వాళ్ల స్థలంలో వాళ్ల చెట్టు సార్, ఎవరి పర్మిషన్ కావాలి?" అన్నాడు పక్కింటి కుర్రాడు. "కట్టినా ఎంత కడతారులే, యూనివర్సిటీ పక్కన ఎక్కువ ఎత్తు లేపనివ్వరు" అన్నారు పాల ప్యాకెట్లు పట్టుకుని వెళ్తున్న పెద్దావిడ.

ఈ మూడు మాటల్లోనూ ఎంతో కొంత పొరపాటు ఉంది. కానీ ఆ పొరపాట్లు వాళ్లవి మాత్రమే కావు. ఉస్మానియా క్యాంపస్ చుట్టూ ఉన్న తార్నాక, హబ్సిగూడ, అడిక్‌మెట్, విద్యానగర్, నల్లకుంట లాంటి పేటల్లో ఉండేవాళ్లలో చాలామంది ఇలాగే అనుకుంటారు. పాత ఇళ్లు ఒక్కొక్కటే పోయి అపార్ట్‌మెంట్లు వస్తుంటే, దేన్ని ఏ నిబంధన కాపాడుతుందో, ఏది ఎవరి చేతుల్లో ఉందో తెలియక టెన్షన్ పడతారు. ఆ చిక్కుముడిని ఒక్కో పోగూ విప్పి చూద్దాం.

క్యాంపస్ వల్ల పుట్టిన పేటలు

ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపనకు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా ఇచ్చింది 1917లో. మొదట్లో పాఠాలు గన్‌ఫౌండ్రీ దగ్గరి భవనాల్లో సాగాయి. శాశ్వత క్యాంపస్‌కు చోటు ఎంచడంలో స్కాట్లాండ్‌కు చెందిన నగర ప్రణాళికా నిపుణుడు ప్యాట్రిక్ గెడ్డెస్ సలహా తీసుకున్నారు. చివరికి ఊరికి దూరంగా, బండరాళ్లూ పొదలూ ఉన్న అడిక్‌మెట్ నేలను ఎంచుకున్నారు. అంతకు ముందు ఈ ప్రాంతం కవయిత్రి, నర్తకి మహలఖా బాయి చందా జాగీరులో భాగం. ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది. దాని రూపశిల్పి బెల్జియం వాడైన జాస్పర్.

వెయ్యి ఎకరాలకు పైబడిన క్యాంపస్ ఒకచోట కుదురుకున్నాక దాని అంచుల్లో మనుషులు కుదురుకున్నారు. ప్రొఫెసర్లు, క్లర్కులు, సికింద్రాబాద్ రైల్వే ఉద్యోగులు స్థలాలు కొనుక్కున్నారు. తర్వాత ఇంగ్లిష్ బోధనకు 1958లో పెట్టిన కేంద్ర సంస్థ (ఇవాళ్టి ఇఫ్లూ), జాతీయ పోషకాహార సంస్థ, భూభౌతిక పరిశోధన సంస్థ, ఐఐసీటీ, సీసీఎంబీ లాంటి పరిశోధన సంస్థలు ఇదే దారిలో వరసగా వచ్చాయి. జీతం మీద బతికే చదువుకున్న కుటుంబాలు, మూడు నాలుగు వందల గజాల స్థలాలు, అందులో ఓ మూలకి ఒకంతస్తు ఇల్లు. మిగిలిన జాగాలో మామిడి, వేప, బాదం, పొగడ, కొబ్బరి. ఈ పేటల చల్లదనం ఎవరో గీసిన పార్కు ప్లాన్‌లోంచి రాలేదు. ఇంటికీ ప్రహరీకీ మధ్య మిగిలిన మట్టిలోంచి వచ్చింది. ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే తర్వాతి గందరగోళం చాలావరకు విడిపోతుంది.

పాత ఇల్లు, చారిత్రక ఇల్లు, హెరిటేజ్ ఇల్లు

మాటల్లో ఈ మూడూ ఒకటే. కాగితం మీద మాత్రం మూడూ వేరు.

పాతది అంటే వయసు, అంతే. చారిత్రకం అంటే ఆ చోటికి ఒక కథ ఉందని మనం ఒప్పుకోవడం. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద తెలంగాణ ఉద్యమ సభలు జరిగాయి, కాబట్టి అది చారిత్రకం. అందులో ఎవరికీ సందేహం లేదు. హెరిటేజ్ మాత్రం చట్టం వాడే మాట. ప్రభుత్వం జాబితాలో పేరు రాస్తేనే హెరిటేజ్. జాబితాలో లేని భవనం ఎంత పాతదైనా, ఎంత అందమైనదైనా, కూల్చడానికి హెరిటేజ్ పేరుతో అడ్డు ఉండదు.

పురావస్తు కట్టడాల కేంద్ర చట్టం, 1958 నాటిది, కనీసం నూరేళ్లు నిండిన కట్టడాల గురించి మాట్లాడుతుంది. అలా రక్షణ పొందిన కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషేధం, ఆ తర్వాత మరో 200 మీటర్లు నియంత్రణ. ఛార్మినార్ దగ్గర ఉండేవాళ్లకు ఈ అంకెలు కంఠతా వచ్చు. 1950ల్లో, 60ల్లో కట్టిన తార్నాక ఇంటికి వీటితో సంబంధం లేదు.

నగరానికి సొంతంగా ఒక ఏర్పాటు ఉండేది. హుడా (అప్పటి హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ) 1981 నాటి జోనింగ్ నిబంధనలకు 1995లో 13వ నిబంధన చేర్చి, హైదరాబాద్‌లోని చారిత్రక భవనాలకు ఒక జాబితా తయారు చేశారు. దానికింద ప్యాలెస్‌లు, దేవిడీలు (నవాబుల కాలపు భవంతులు), ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ లాంటి పేరున్న కట్టడాలు వచ్చాయి, వాటితో పాటు మన నగరానికే ప్రత్యేకమైన శిలా సముదాయాలు కూడా. 2015లో తెలంగాణ ప్రభుత్వం ఆ నిబంధనను తొలగించింది. 2017లో వారసత్వ సంపద రక్షణకు రాష్ట్రం ప్రత్యేక చట్టం తెచ్చింది. ఈ మార్పుల మధ్య పాత జాబితాకు ఎంత బలం మిగిలిందన్న ప్రశ్న ఎర్రమంజిల్ ప్యాలెస్ కేసులో ముందుకొచ్చింది. ఆ భవనాన్ని కూల్చి అసెంబ్లీ కట్టాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది.

ఈ కథలో మా వీధి మలుపు ఇల్లు ఎక్కడుంది? ఎక్కడా లేదు. జాబితాల్లో ఉన్నవి ఎక్కువగా విడివిడి కట్టడాలే. ఆర్ట్స్ కాలేజీకి రక్షణ ఉంది కాబట్టి దాని చుట్టుపక్కల పేటకు కూడా ఉంటుందని లెక్చరర్‌గారు అనుకున్నారు. అలా పేట అంతా పాకే గుణం ఆ రక్షణకు లేదు.

చెట్టుకు ఓ చట్టం ఉంది

పక్కింటి కుర్రాడి మాటకు వద్దాం. సొంత స్థలంలో సొంత చెట్టైనా కొట్టడానికి అనుమతి కావాలి. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం ఇప్పటికీ రెండు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉంది. అందరూ వాల్టా అంటారు. రైతులకు బోర్ల అనుమతుల వల్ల ఈ పేరు బాగా తెలుసు, పట్నంవాళ్లకు అంతగా తెలియదు. చెట్టు కొట్టాలంటే దరఖాస్తు పెట్టాలి, ఫీజు కట్టాలి, అధికారులు వచ్చి చూడాలి. కొట్టినదానికి బదులు మొక్కలు నాటే బాధ్యత కూడా కొట్టినవాళ్లదే. సుబాబుల్, జామాయిల్ లాంటి కొన్ని జాతులకు మినహాయింపు ఉంది. వేపకు లేదు.

ఆ రోజు మేం అడిగితే ఇంటివాళ్లు లోపల్నుంచి కాగితం తెచ్చి చూపించారు. అనుమతి ఉంది. కాబట్టి అక్కడ చట్టం మీరినవాళ్లు ఎవరూ లేరు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది అదే. వాల్టా అడిగేది "ఈ చెట్టు కొట్టొచ్చా?" అని మాత్రమే. "ఈ చెట్టు కొట్టకుండా ఇల్లు కట్టొచ్చా?" అని అడగడం దాని పని కాదు. అది భవన నిర్మాణ అనుమతి ఇచ్చే ఆఫీసు పని. ఆ ఆఫీసుకు వెళ్లే ప్లాన్‌లో గోడలుంటాయి, మెట్లుంటాయి, లిఫ్టు ఉంటుంది. వేపచెట్టు ఉన్నచోట ఖాళీ తెల్ల కాగితం ఉంటుంది.

కొమ్మల సంగతి ఇంకో లెక్క. వానాకాలానికి ముందు కరెంటు వాళ్లు తీగలకు అడ్డొచ్చే కొమ్మలు కొట్టడం భద్రత కోసం, అది తప్పనిసరి కూడా. కానీ తీగ ఉన్న వైపే ఏడాదికేడాది కొడితే బరువంతా ఇంటి వైపు ఒరుగుతుంది. నాలుగైదేళ్లకి ఆ చెట్టు మీద పడేలా కనిపిస్తుంది. అప్పుడు "ప్రమాదకరం" అన్న కారణంతోనే అనుమతి అడుగుతారు. ఆ కారణం అప్పటికి నిజమే అయి ఉంటుంది.

తెలియక పోయిన చెట్లు కూడా ఉన్నాయి. 2021లో తెలంగాణ అంతటా వేపచెట్లు చిగుళ్ల దగ్గర్నుంచి గోధుమరంగుకు తిరిగి ఎండిపోయాయి. శాస్త్రవేత్తలు అది ఫోమోప్సిస్ అనే శిలీంద్రం వల్ల వచ్చే ఎండు తెగులన్నారు. చూసినవాళ్లు చెట్టు చచ్చిపోయిందనుకున్నారు. మా ఇంటి వేప కూడా అలాగే అయింది, కొట్టించేద్దామని మనిషిని కూడా మాట్లాడాం. ఆయన వేరే పని మీద వారం ఆలస్యంగా వచ్చాడు. ఈలోగా మొదలు దగ్గర లేత ఎరుపు చిగుళ్లు వేలెడంత లేచాయి. అది ఇవాళ్టికీ బతికే ఉంది.

400 గజాల్లో ఏం జరుగుతుంది: ఓ లెక్క

ఇప్పుడు అసలు ముడి. లెక్కకు తేలికగా 60 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు ఉన్న స్థలం తీసుకుందాం. 3,600 చదరపు అడుగులు, అంటే సరిగ్గా 400 గజాలు. అందులో 1965 ప్రాంతంలో కట్టిన ఇల్లు 35 అడుగుల వెడల్పు, 40 అడుగుల లోతు అనుకుందాం. ఇల్లు ఆక్రమించింది సుమారు 156 గజాలు. మిగతా 244 గజాలు ఆరుబయలే. పాతవాళ్లు ఇంటిని ఓ మూలకి జరిపి కట్టేవారు కాబట్టి ముందు 15 అడుగులు, ఓ పక్కన 20 అడుగుల వెడల్పున జాగా మిగులుతుంది. మామిడిచెట్టు హాయిగా పెరిగే చోటు అది.

ఇప్పుడు దీన్ని డెవలప్‌మెంట్‌కి ఇచ్చారు. అంటే స్థలం యజమానిది, పెట్టుబడి బిల్డర్‌ది, కట్టిన ఫ్లాట్లు ఇద్దరూ పంచుకుంటారు. ఎంత కట్టొచ్చు అన్నది ఎలా తేలుతుంది?

చాలా నగరాల్లో దీనికి ఎఫ్ఎస్ఐ అనే కొలత వాడతారు. స్థలం ఎంత ఉందో దానికి ఇన్ని రెట్లు మాత్రమే అన్ని అంతస్తులూ కలిపి కట్టాలి అన్న పరిమితి అది. హైదరాబాద్ దారి వేరు. 2012 నాటి 168 నంబర్ జీవో, తర్వాతి సవరణల ప్రకారం, ఇక్కడ చూసేది ముందున్న రోడ్డు వెడల్పు, ప్లాటు సైజు, ఎత్తు, సెట్‌బ్యాక్. సెట్‌బ్యాక్ అంటే ప్రహరీకీ భవనానికీ మధ్య తప్పనిసరిగా వదలాల్సిన ఖాళీ. యూనివర్సిటీ పక్కన ఉందని ప్రత్యేకంగా ఎత్తు తగ్గించే లెక్క ఇందులో లేదు. ఆ పెద్దావిడ మాట ఇక్కడే తప్పింది. రోడ్డు వెడల్పయితే ఎత్తు పెరుగుతుంది.

మన ఉదాహరణకు ముందు 3 మీటర్లు, మిగతా మూడు వైపులా 2 మీటర్ల చొప్పున వదిలారని అనుకుందాం. ప్లాటు, ఎత్తు, రోడ్డు మారితే ఈ అంకెలు మారతాయి. 60 అడుగులంటే 18.29 మీటర్లు. వెడల్పులో 4 మీటర్లు, లోతులో 5 మీటర్లు పోతే భవనం 14.29 మీటర్లు ఇంటూ 13.29 మీటర్లు, అంటే దాదాపు 190 చదరపు మీటర్లు. కింద స్టిల్ట్ పార్కింగ్ (స్తంభాల మధ్య కార్లు నిలిపే జాగా), పైన నాలుగంతస్తులు కడితే మొత్తం 760 చదరపు మీటర్లు, సుమారు 8,180 చదరపు అడుగులు. మెట్లు, లిఫ్టు కలుపుకుని ఒక్కోటి వెయ్యి చదరపు అడుగుల చొప్పున 8 ఫ్లాట్లు.

మరి ఖాళీ జాగా? 334 చదరపు మీటర్లలో 190 పోగా 144. గజాల్లో చెప్పాలంటే 173. పాత ఇంట్లో 244 గజాలు ఖాళీ, కొత్తదాంట్లో 173. ఈ అంకె మొదటిసారి వేసి చూసినప్పుడు నేను నమ్మలేదు, మళ్లీ వేశాను. నిబంధన ప్రకారం కట్టిన అపార్ట్‌మెంట్‌లో కూడా ఐదింట రెండు వంతులకు పైగా స్థలం ఖాళీగానే ఉంటుంది. ఖాళీ మరీ అంతగా తగ్గలేదు, మరి చెట్లెందుకు పోయాయి?

ఖాళీ ఆకారం మారింది. పాతది ఓ మూలకి చేరిన ముద్ద. కొత్తది భవనం చుట్టూ చుట్టిన పట్టీ, మూడు పక్కలా ఆరున్నర అడుగుల వెడల్పు. ఆ ఆరున్నరలోనే పునాది తవ్వేటప్పుడు పని చేసుకోవడానికి అడుగో రెండడుగులో అదనంగా తవ్వుతారు. అక్కడ వేళ్లు తెగుతాయి. తర్వాత సంపు, సెప్టిక్ ట్యాంకు, డ్రైనేజీ పైపు, బోరు, జనరేటర్ అన్నీ ఆ పట్టీలోకే వస్తాయి. చివర్లో నడవడానికి బాగుంటుందని మొత్తం సిమెంటు చేస్తారు. ముందు మూడు మీటర్లలో కార్ల ర్యాంపు, వాచ్‌మన్ గది. పెద్ద ప్లాట్లలో ప్రహరీ వెంట మొక్కల పట్టీ వదలాలని నిబంధనల్లోనే ఉంది. మీటరు వెడల్పు మట్టిలో గన్నేరు బతుకుతుంది, నందివర్ధనం బతుకుతుంది. మామిడి బతకదు.

మా మలుపు వేపచెట్టు గురించి తర్వాత తెలిసిన సంగతి ఒకటుంది. దాని మొదలు ప్రహరీకి ఐదడుగుల దూరంలో ఉండేది. అంటే అది కొత్త భవనానికి అడ్డు వచ్చే చోట లేదు. చట్టం ఎలాగూ ఖాళీగా వదలమన్న ముందు జాగాలోనే ఉంది. దాన్ని కొట్టింది ఇంటి కోసం కాదు, ర్యాంపు కోసం. గేటు ఆ వైపు గీశారు కాబట్టి.

అదే విస్తీర్ణం, వేరే ఆకారం

లెక్కను కొంచెం మార్చి చూద్దాం. అదే 760 చదరపు మీటర్లు నాలుగంతస్తుల్లో కాకుండా ఐదంతస్తుల్లో కడితే ఒక్కో అంతస్తు 152 చదరపు మీటర్లు చాలు. 12 మీటర్ల వెడల్పు, 12.66 మీటర్ల లోతు. ఓ పక్కా వెనకా 2 మీటర్ల చొప్పున ఉంచితే, రెండో పక్క 4.29 మీటర్లు, ముందు 3.63 మీటర్లు మిగులుతాయి. అంటే పక్కన 14 అడుగులు, ముందు 12 అడుగులు. ఆ రెండూ కలిసే మూల పాత ఇంటి మామిడిచెట్టుకు సరిపోతుంది. కట్టిన మొత్తం విస్తీర్ణం దాదాపు అంతే.

మరి ఎందుకు చేయరు? ఇలాంటి ప్లాటులో ఐదో అంతస్తు మామూలుగా రాదు. ఎత్తు పెరిగితే అన్ని వైపులా సెట్‌బ్యాక్ కూడా పెరగాలని నిబంధనలు అంటాయి. అందుకు మంచి కారణాలున్నాయి: పక్కింటికి గాలీ వెలుతురూ, మంటలొస్తే ఫైరింజన్‌కు దారి. చెట్టు ఉంచినందుకు అంతస్తు ఇస్తే రేపు చెట్టు చూపించి అంతస్తు వేసుకుని, ఎల్లుండి చెట్టు ఎండబెట్టేవాళ్లు ఉంటారన్న భయమూ సహేతుకమే. అయితే ఇచ్చిపుచ్చుకోవడం మన నిబంధనలకు కొత్త కాదు. రోడ్డు వెడల్పు కోసం స్థలం వదులుకున్నవాళ్లకు టీడీఆర్ ఇస్తారు. అంటే అక్కడ పోగొట్టుకున్న కట్టుకునే హక్కును వేరేచోట వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు. మట్టిని రోడ్డుకిస్తే విలువ ఉంది, అదే మట్టి చెట్టుకిస్తే లేదు. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో సరిచూసుకోవాల్సిన చోటు ఇది.

ఇల్లు ఇచ్చేవాళ్ల వైపు నుంచి

చెట్లు పోతున్నాయని బాధపడేవాళ్లు, నేను కూడా, ఓ విషయం మర్చిపోతాం. ఇల్లు ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది డబ్బాశతో ఇవ్వరు. ప్రొఫెసర్ తాతగారు కట్టిన ఇంటికి ఇవాళ నలుగురు వారసులు. ఇద్దరు అమెరికాలో, ఒకరు బెంగళూరులో. ఇంట్లో ఉండేది డెబ్బై ఐదేళ్ల అమ్మ ఒక్కతే. డాబా కురుస్తుంది, ప్రతి వానాకాలం మరమ్మతు, ఆకులు ఊడ్చే మనిషి దొరకదు, రాత్రిళ్లు భయం. 400 గజాలు నలుగురికి పంచితే తలా వంద గజాలు, దేనికీ పనికిరాదు. 8 ఫ్లాట్లలో సగం వాటా వస్తే తలా ఒకటి. ఫ్లాటుకు నేలలో విడదీయని వాటా 50 గజాలే అయినా, అది అమ్ముకోవచ్చు, అద్దెకివ్వొచ్చు. అమ్మకు లిఫ్టు ఉంటుంది, ఎదురింట్లో మనుషులుంటారు. ఈ లెక్క ముందు "చెట్టు పోతుందండీ" అనడానికి నోరు రాదు.

వచ్చేవాళ్ల వైపు నుంచి చూసినా అంతే. ఉస్మానియాలో హాస్టల్ గది దొరకనివాళ్లు తెలిసినవాళ్ల గదుల్లో నాన్ బోర్డర్లుగా సర్దుకోవడం తరాలుగా ఉన్నదే. మిగిలినవాళ్లు విద్యానగర్, అడిక్‌మెట్, తార్నాకల్లో గదులు వెతుక్కుంటారు. ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లు డిగ్రీ అయ్యాక కూడా ఏళ్లపాటు ఇక్కడే ఉంటారు. ఒక కుటుంబం ఉన్న స్థలంలో ఎనిమిది కుటుంబాలు, లేదా ముప్పై మంది విద్యార్థులు ఉండగలిగితే, ఆ ముప్పై మంది రోజూ ఘట్‌కేసర్ నుంచి బస్సులో రానక్కర్లేదు. 2017 నవంబరులో నాగోలు నుంచి తార్నాక మీదుగా మెట్రో మొదలయ్యాక ఈ వాదన ఇంకా బలపడింది. స్టేషన్‌కు నడిచివెళ్లే దూరంలో ఎక్కువమంది ఉండటమే నగరానికి మంచిదని ప్రణాళికా నిపుణుల్లో చాలామంది చెబుతారు. పేటను ఉన్నది ఉన్నట్టు కాపాడదాం అంటే, ఇప్పటికే లోపల ఉన్నవాళ్లకు నీడ, బయట ఉన్నవాళ్లకు తలుపు మూత అని అర్థం రావచ్చు.

అటువైపు వాదన కూడా గట్టిదే. జనం పెరిగేకొద్దీ నీడ అవసరం తగ్గదు, పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం స్టేషన్‌కు నడిచేది కార్లున్నవాళ్లు కాదు. ఇస్త్రీ చేసేవాళ్లు, కూరగాయల బండివాళ్లు, డెలివరీ కుర్రాళ్లు ఇంటివాళ్ల చెట్టు రోడ్డు మీదికి వేసిన నీడలో బతికారు. ఆ నీడకు వాళ్లు పైసా కట్టలేదు, ఇంటివాళ్లూ అడగలేదు. ప్రైవేటు స్థలంలో పెరిగి అందరికీ పనికొచ్చిన ఆస్తి అది. దాన్ని కొట్టేటప్పుడు ఇంటి వారసుల సంతకాలూ, అనుమతి కాగితమూ ఉంటే చాలు. వాననీళ్ల మాటా ఉంది. ఇక్కడ కింద గ్రానైట్ బండ, పైన మట్టి పొర పలచన. ఆ పలచని పొర మీద కూడా సిమెంటు పరిస్తే నీళ్లు ఇంకే చోటే ఉండదు. ఇంకుడు గుంత ఒకటి తవ్వినంత మాత్రాన 144 చదరపు మీటర్ల మట్టి చేసే పని మొత్తం జరగదు.

పేట మొత్తాన్ని కాపాడిన ఊళ్లు

విడి భవనం కాకుండా పేట మొత్తాన్నీ ఒక వస్తువుగా చూసిన చోట్లు మన దేశంలోనే ఉన్నాయి. చండీగఢ్ మొదటి దశలోని 1 నుంచి 30 సెక్టార్లలో విడి ఇళ్లను అంతస్తుల వారీ ఫ్లాట్లుగా మార్చడాన్ని 2023 జనవరిలో సుప్రీంకోర్టు అడ్డుకుంది. పంజాబ్ యూనివర్సిటీ ఉన్న 14వ సెక్టార్ ఆ పరిధిలోదే. లె కార్బూజియె వేసిన నగర ప్రణాళిక స్వభావమే మారిపోతుందన్నది అందులో ప్రధానమైన ఆందోళన. చెట్లు, తోటలు, తక్కువ ఎత్తు అన్నీ నిలిచాయి. కానీ అక్కడ ఇల్లంటే మొత్తం ఇల్లే. వారసులు నలుగురైనా అంతస్తులుగా విడదీసి అమ్ముకోలేరు, అంత స్థలం కొనగలిగేవాళ్లు తప్ప కొత్తవాళ్లు రాలేరు. తార్నాకకు ఇదే సూత్రం పెడితే పైన చెప్పిన అమ్మ పరిస్థితి ఏమిటన్నదానికి చండీగఢ్ దగ్గర జవాబు లేదు. పైగా చండీగఢ్ ఒక ప్లాన్ ప్రకారం పుట్టింది. మా పేటలు అలా పుట్టలేదు.

ముంబయి దారి ఇంకోటి. ఓవల్ మైదాన్‌కు ఒకవైపు యూనివర్సిటీ రాజాబాయి గడియారం గోపురం, రెండోవైపు 1930ల నాటి ఆర్ట్ డెకో అపార్ట్‌మెంట్లు. రెంటినీ కలిపి 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. హెరిటేజ్ అంటే విడి బంగళాలే కానక్కర్లేదని, ఫ్లాట్లు కూడా చరిత్ర కాగలవని అది చూపిస్తుంది. అక్కడ ఖాళీ జాగా ఇంటింటికీ ముక్కలుగా లేదు, అందరిదీ కలిపి ఒకే మైదానం, అంచుల్లో చెట్లు. మాకు అలాంటి ఉమ్మడి జాగా ఒక్కటే ఉంది, క్యాంపస్. పొద్దున్నే ఎన్‌సీసీ గేటు వైపు నడకకు వెళ్లేవాళ్లను అడిగితే తెలుస్తుంది అది ఎంతమందికి ఊపిరో. అయితే క్యాంపస్ విద్యార్థుల కోసం ఉన్న భూమి, నగరానికి పార్కుగా ఇచ్చింది కాదు. పేటల్లో చెట్లు పోయేకొద్దీ నగరం బరువంతా దాని మీదే వేయడం విశ్వవిద్యాలయానికి న్యాయం కాదు.

గేటు ఎటువైపు

మా వీధిలో పెద్ద చెట్లు దాదాపు అన్నీ ప్రహరీకి ఐదారడుగుల లోపే ఉన్నాయి. పాతవాళ్లు గోడవార నాటారు కాబట్టి. అంటే ఇళ్లన్నీ రేపు అపార్ట్‌మెంట్లయినా ఈ చెట్లలో చాలావరకు సెట్‌బ్యాక్‌లోనే పడతాయి. ర్యాంపు, సంపు, పైపులు ఎటు వస్తాయన్నదాని మీదే వాటి బతుకు ఆధారపడి ఉంటుంది. ఆ నిర్ణయం జరిగేది హైకోర్టులోనో అటవీ శాఖలోనో కాదు, ప్లాన్ గీసే రోజు, ఇంటి హాల్లో, టీపాయ్ మీద.

మొన్న మా ఎదురింట్లో అలాంటి రోజు వచ్చింది. వాళ్లదీ 400 గజాలకు కాస్త అటూ ఇటూ. గోడవార మామిడిచెట్టు ఉంది, బంగినపల్లి. ప్లాన్ గీసే అబ్బాయి కాగితం పరిచి గదులు చూపిస్తున్నాడు. పిన్నిగారు అన్నీ విని, కళ్లజోడు సవరించుకుని గేటు బొమ్మ మీద వేలు పెట్టారు.

"దీన్ని అటుపక్కకి జరిపితే ఏమవుతుంది బాబూ?"

"ర్యాంపు తిరగాలమ్మా. స్టిల్ట్‌లో ఓ పిల్లర్ అడ్డం వస్తుంది."

"పిల్లర్ జరగదా?"

అతను కాసేపు కాగితం వంక చూశాడు. స్కేలు తీసి గోడ నుంచి చెట్టుకు ఎంతో అడిగాడు. టేపు పట్టుకుని నేనూ బయటికి వెళ్లాను. మొదలు దగ్గరికి ఐదడుగుల రెండంగుళాలు వచ్చింది. అతను ప్లాన్ మీద ఆ చోట పెన్సిల్‌తో చిన్న సున్నా చుట్టాడు, ఇంజినీర్‌ని అడిగి ఎల్లుండి చెబుతానన్నాడు.